కాలేజీ రిజిస్టరులో చనిపోయిన మాస్టారు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఏమిటో ముందే చెప్పేస్తాను. నిధిని నా దగ్గర నుంచి తీసుకుపోతారని. ఐదేళ్ళ పిల్ల. జడ వేస్తుంటే కుదురుగా కూర్చోదు, అన్నంలో నెయ్యి కనబడితే తినదు, నిద్రలో నా చెవి పట్టుకోకపోతే లేచి ఏడుస్తుంది. ఎవరో కొత్తవాళ్ళింట్లో దానికి చెవి ఎవరు ఇస్తారు? మంగళవారం నుంచి నా బుర్రలో ఇదే తిరుగుతోంది. వీసా భయం, బావ ఉద్యోగం భయం, నా ఇంగ్లీషు పరీక్ష భయం అన్నీ దీని వెనకే నిలబడ్డాయి.

పోయిన వారం బొమ్మ దగ్గర ఆగాం. గుర్తున్నవాళ్ళు సరే, లేనివాళ్ళ కోసం మళ్ళీ చెప్తాను. "మా ఇంట్లో వారం" అని బొమ్మ వెయ్యమని బడిలో టీచరు అడిగితే, మా నిధి బుధవారం గడిలో ఇలా వేసింది. నల్లటి పొడుగు గౌను వేసుకున్న ముసలాయన. బల్ల మీద కొవ్వొత్తులు. తన తలకంటే పెద్ద కుండ ఎత్తి తాగుతున్న చిన్నపిల్ల. ఇదేమిటని టీచరు అడిగితే, "మొత్తం తాగాలి, ఆపకూడదు, అందరూ చూస్తారు" అందట. టీచరు కౌన్సెలర్‌కి చెప్పింది. కౌన్సెలర్ ఇంకెవరికో చెప్పింది. పిల్లల బాగోగులు చూసే ఆఫీసు నుంచి గురువారం నాలుగింటికి ఒకావిడ వస్తుందని మాకు మంగళవారం ఫోను వచ్చింది.

ఆ నల్ల గౌను ఆయన మా పై అపార్ట్‌మెంటులో ఉండే వీరభద్రరావు మాస్టారు. పార్సిప్పనీలో మా కాంప్లెక్స్‌లో ఆయన్ని ఎరగని తెలుగువాళ్ళు లేరు. కూతురు లీలావతి దగ్గరికి ఆరు నెలల వీసా మీద వచ్చారు. లీలావతి గారు క్లయింటు పని మీద ఈసారి రెండు వారాలు డాలస్‌లో ఉన్నారు. కుండ కుండ కాదు, స్టీలు చెంబు. అందులో ఉన్నది మజ్జిగ.

ఇంగ్లండులో సెయింట్ వుల్ఫ్రిక్ కాలేజీ అని, ఆరువందల ఏళ్ళ నాటిది. మాస్టారు అక్కడ చదివారు. అక్కడ భోజనాల హాలులో ఒక ఆచారం ఉండేదట. బల్ల దగ్గర చదువు సంగతో, ఆడపిల్లల సంగతో ఎత్తినవాడికి శిక్ష. రెండు పిడుల పాత్ర నిండా బీరు తెచ్చి ముందు పెడతారు. మూతి తియ్యకుండా తాగాలి. తాగగలిగితే శిక్ష వేయించినవాడు తిరిగి తాగాలి. మాస్టారు ఆ ఆచారాన్ని మా పిల్లకి నేర్పారు. బీరు బదులు మజ్జిగ. చదువు బదులు ఐప్యాడ్. బుధవారం సాయంత్రం ఐదింటికి వాళ్ళింట్లో 'హాలు'. లీలావతి గారు ఎం.ఎస్. పట్టా తీసుకున్న రోజు వేసుకున్న గౌను ఆయనకి మోకాళ్ళ దాకా వచ్చేది. కొవ్వొత్తులు వెలిగించి, అర్థం కాని భాషలో ప్రార్థన చెప్పేవారు. నిధి అది మంత్రమనుకుని చివర "స్వాహా" అనేది.

నాకు ఇది నవ్వులాటగా కనబడింది. ఇంకొకళ్ళ కళ్ళకి ఎలా కనబడుతుందో తట్టలేదు. అదీ నా తెలివి.

*

గురువారం పొద్దున బావ ల్యాప్‌టాప్ ముందు నుంచి కదలలేదు. భానుప్రకాష్ నాకు సొంత మేనమామ కొడుకు. కోపం వస్తే భర్త, భయం వేస్తే బావ అవుతాడు. ఆ పొద్దున రెండూ కాదు.

మంగళవారమే అతనికి ఒక ఆలోచన వచ్చింది. వచ్చే ఆవిడ అడిగే మొదటి ప్రశ్న 'పిల్లని ఎవరి దగ్గర వదులుతున్నారు' అనే కదా. పై ఇంటి తాతగారు అంటే ఆనదు. అంత పెద్ద కాలేజీ వాళ్ళు 'అవును, మా పాత విద్యార్థే, ఈ మజ్జిగ వ్యవహారం మా ఆచారమే' అని రెండు లైన్లు రాసిస్తే ఎవరు కాదంటారు? మనవాళ్ళకి ఎక్కడికెళ్ళినా సర్టిఫికెట్ మీదే నమ్మకం. వెంటనే కాలేజీకి మెయిల్ పెట్టాడు.

"జవాబు వచ్చింది," అన్నాడు.

"మంచిగా రాశారా?"

"చాలా మర్యాదగా రాశారు. ఇటు రా."

నా ఇంగ్లీషు నిదానం. ఇంటర్ మొదటి ఏడాదిలో చదువు మానిపించి పెళ్ళి చేశారు. అందుకని వేలు పెట్టి ఒక్కో మాటా చదివాను. చేబ్రోలు వీరభద్రరావు గారు 1968 అక్టోబరులో మా కాలేజీలో చేరారు. చరిత్ర విద్యార్థి. 1970 ఫిబ్రవరిలో, ఇరవై ఒకటో ఏట, కాలేజీలో తన గదిలోనే కన్నుమూశారు. మా ప్రార్థన మందిరం గోడకి ఆయన పేరుతో చిన్న ఇత్తడి పలక ఉంది. మీరు ఆయన కుటుంబీకులైతే దయచేసి మాకు రాయండి. ఇన్నేళ్ళలో ఆయన గురించి ఎవరూ అడగలేదు.

మళ్ళీ చదివాను. కన్నుమూశారు అనే దగ్గర వేలు ఆగిపోయింది.

"మీ మాస్టారు పోయి యాభై ఏళ్ళు దాటిందటే," అన్నాడు బావ. "నువ్వు రోజూ మధ్యాహ్నం ఎవరి దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్నావో ఆ దేవుడికే తెలియాలి."

"పొరబడి ఉంటారు బావా. ఇంకో వీరభద్రరావు అయ్యుంటాడు."

"1968లో ఇంగ్లండులో ఒకే కాలేజీలో ఇద్దరు వీరభద్రరావులా? అదేమన్నా కొండమీద క్యూ కాంప్లెక్సా?"

నవ్వు రాలేదు. అతనికీ రాలేదు. ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు.

"పైకి వెళ్ళకు. వినబడిందా? గ్రీన్ కార్డుకి పెట్టిన మన ఐ-140 అప్రూవ్ అయ్యి నాలుగు నెలలు కాలేదు. ఆయన దొంగో దొరో మనకెందుకు. ఆవిడ వచ్చాక, మాకేం తెలియదు, ఇక మీదట పిల్లని పంపం అను. అంతే. ఈ రోజు క్లయింట్ మీటింగ్, రాకుండా ఉండలేను. ఆవిడ వస్తే ఫోన్ చెయ్యి, లైన్‌లో ఉంటా."

"కాగితం చూపించనా?"

షూ వేసుకుంటూ ఆగాడు. "అడిగితే చూపించు. అడక్కపోతే... నాకేం అర్థం కావట్లేదు రాగిణీ. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి."

ఎలా తోస్తే అలా చెయ్యి అని నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పిన రోజున ఏమీ తోచలేదు.

*

పన్నెండింటికి కాగితం మడిచి పట్టుకుని పైకి వెళ్ళాను. వెళ్ళొద్దన్నాడు. కానీ నాలుగు నెలలుగా ఆ టైముకి నా కాళ్ళు ఆ మెట్లే ఎక్కుతున్నాయి.

మాస్టారు పాఠం చెప్పరు. వుల్ఫ్రిక్ కాలేజీ పద్ధతట అది. ఒక ప్రశ్న ఇస్తారు. దాని మీద నేను రెండు పేజీలు రాసుకుని వెళ్ళి పైకి చదవాలి. ఆయన కిటికీ వైపు తిరిగి వింటారు. చదవడం అయ్యాక ఒక్కటే అంటారు. "అలా అని నీకెవరు చెప్పారు?" దానికి జవాబు చెప్పడానికి నాకు గంట పట్టేది. ఒక్కోసారి ఏడుపొచ్చేది. బళ్ళో ఎవరూ నన్ను అలా అడగలేదు. బళ్ళో చెప్పింది రాయడమే.

తలుపు తీసి ఉంది. ఆయన ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కాలో ఉన్నారు.

"రామ్మా. కిందటిసారి ప్రశ్న ఏమిటి? కాలేజీ పచ్చిక మీద పెద్ద పంతుళ్ళు తప్ప ఎవరూ నడవకూడదనే నియమం ఎందుకు పుట్టింది? రాశావా?"

"రాయలేదండీ. వేరేది తెచ్చాను."

"చదువు."

కాగితం విప్పాను. ఇంగ్లీషు చదివి, ప్రతి వాక్యానికీ తెలుగులో అర్థం చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన కిటికీ వైపు తిరిగి ఉన్నారు. బయట పార్కింగ్ లాటులో ఎవరో కారు రివర్స్ చేస్తున్నారు. ఆ బీప్ బీప్ ఆగింది.

"ఇత్తడి పలక పెట్టారా?" అన్నారు.

తను పోయారని రాసిన ఉత్తరం విని ఎవరూ అడిగే ప్రశ్న కాదది.

"మాస్టారూ, మీరెవరు?"

"అది చాలా పెద్ద ప్రశ్న అమ్మాయ్. పెద్ద ప్రశ్న అడిగితే అబద్ధం చెప్పడం తేలిక. చిన్నది అడుగు."

ఆయన దగ్గర నేర్చుకున్నది అదే కదా. ఆలోచించాను. నాలుగు నెలల్లో ఆ హాలు గురించి వంద కథలు విన్నాను. ఎన్ని కొవ్వొత్తులు, ఏ వైపు నుంచి పళ్ళెం వడ్డించాలి, పై వరస బల్లకి ఏ చెంచాలు, కింది బల్లలకి ఏ చెంచాలు, శిక్ష పాత్రని నిండుగా తొణక్కుండా ఎలా మోసుకురావాలి. అన్నీ చెప్పారు. కానీ అక్కడి తిండి ఎలా ఉండేదో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఉప్పు తక్కువనో, చప్పగా ఉండేదనో. ఇంగ్లండు వెళ్ళిన ఏ తెలుగువాడు ఆ మాట అనకుండా ఉంటాడు?

"ఆ హాలులో మీరు ఎక్కడ కూర్చునేవారండీ?"

మాస్టారు నా వైపు తిరిగారు. ఆయన మొహంలో కోపం లేదు. నేను మంచి వాక్యం రాసిన రోజున ఎలా చూసేవారో అలా చూశారు.

"కూర్చోలేదమ్మా," అన్నారు.

*

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు చెప్తాను. సగం ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆయన పేరు బ్రహ్మయ్య. కాకినాడ నుంచి ఓడలో వంట మనిషికి చేతికింద పనివాడుగా వెళ్ళి, లండను రేవులో దిగి, మళ్ళీ ఓడ ఎక్కలేదు. కాగితాలు లేవు. పంతొమ్మిదేళ్ళు. ఒక సిలోన్ ఆయన వుల్ఫ్రిక్ కాలేజీ వంటశాలలో గిన్నెలు తోమే పనిలో పెట్టించాడు. తర్వాత హాలులో వడ్డనకి వేశారు. తర్వాత ఒక మెట్ల వరసలో ఉన్న ఎనిమిది గదులు ఊడ్చి, పొయ్యిలు రాజేసి, పొద్దున్నే నీళ్ళు అందించే పని. అక్కడ మూడో అంతస్తులో వీరభద్రరావు ఉండేవాడు. గుంటూరు వకీలు గారి అబ్బాయి.

"ఆ ఊరంతా కలిపి తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే. మొదటి నెల నన్ను 'ఏవోయ్' అనేవాడు. రెండో నెల 'బ్రహ్మం' అన్నాడు. వారానికో వ్యాసం రాసి పంతులుకి చదివి వినిపించాలి కదా, వాడికి వణుకు. ముందు రోజు సాయంత్రం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాకు చదివేవాడు. నేనే పంతులు. 'ఏదో ఒకటి అడుగు బ్రహ్మం, నన్ను ఇరికించు' అనేవాడు. నాకేం తెలుసు చరిత్ర? 'అలా అని మీకెవరు చెప్పారు బాబూ' అనేవాణ్ణి."

నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

"ఆ గదులకి రెండేసి తలుపులు. లోపలిది మామూలుది. బయటిది మందపాటి చెక్క. బయటి తలుపు వేసి ఉందంటే, చదువుకుంటున్నాడు, ఎవరూ తట్టకూడదు అని అర్థం. స్నేహితుడు తట్టకూడదు, పంతులు తట్టకూడదు, పనివాడైతే అసలే తట్టకూడదు. వందల ఏళ్ళ మర్యాద అది. ఫిబ్రవరిలో ఒక సోమవారం వాడు బయటి తలుపు వేశాడు. ముందు రోజంతా దగ్గుతూ ఉన్నాడు. మంచు. సోమవారం నీళ్ళు బయట పెట్టి వచ్చాను. మంగళవారం వెళ్తే ఆ నీళ్ళు అలాగే ఉన్నాయి, పైన గడ్డకట్టి. నాకు తెలిసిపోయిందమ్మా. తెలిసి నిలబడ్డాను. తడితే పెద్ద పనివాడికి చెప్తారు, వాడు కాగితాలు అడుగుతాడు, నన్ను ఓడెక్కిస్తారు. ఆ నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పెట్టి దిగిపోయాను. బుధవారం కూడా అంతే చేశాను. గురువారం పంతులు గారు వచ్చి, వ్యాసం చదవడానికి రాలేదేమని తలుపు విరగ్గొట్టించారు."

ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

"మంగళవారానికి బతికే ఉన్నాడని డాక్టరు అన్నాడు," అన్నారు. ఇది మటుకు ఇంగ్లీషులో అన్నారు.

వీరభద్రరావు సామాను సర్దే పని బ్రహ్మయ్యకే చెప్పారు. ట్రంకు పెట్టెలో అన్నీ పెట్టి గుంటూరు పంపాడు, పాస్‌పోర్టు తప్ప. ఆ పాస్‌పోర్టు మీద ఇంటికి వచ్చాడు. ఆ పాస్‌పోర్టు మీద మనిషయ్యాడు. భీమవరంలో ట్యుటోరియల్ పెట్టి, సెయింట్ వుల్ఫ్రిక్, ఇంగ్లండ్ అని బోర్డు రాయించాడు. పెళ్ళి శుభలేఖ మీద అదే పేరు. లీలావతి ఇంటిపేరు చేబ్రోలు. ఆయన ఇప్పుడు వచ్చిన వీసా మీద కూడా అదే పేరు.

"లీలకి తెలియదు. దాని గ్రీన్ కార్డు ఫారాల్లో తండ్రి పేరు దగ్గర చచ్చిపోయినవాడి పేరు ఉంది."

ఆయన మీద జాలిపడాలా, అసహ్యించుకోవాలా? నిలబడి చూస్తూ ఒక మనిషిని పోనిచ్చాడు. ఆ మనిషి పేరుతో నాకు చదువు చెప్పాడు. ఆ చదువు నిజం. ఇన్నేళ్ళలో నన్ను కూర్చోబెట్టి నా మాట పూర్తిగా విన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. అదీ నిజం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు తెలియలేదు.

"మాస్టారూ, నాలుగింటికి ఆవిడ మీ పేరు అడిగితే ఏం చెప్పను?"

"పిల్ల కోసం ఏది చెప్పాలో అది చెప్పు. నా కోసం ఆగకు. నేను ఒకడి కోసం ఆగాల్సింది, నా కోసం చూసుకున్నాను. నువ్వు పిల్ల కోసం చూసుకోవడం వేరు."

"అలా అని మీకెవరు చెప్పారు?" అన్నాను. ఏడుస్తూ అన్నాను.

మూడున్నరకి బడి బస్సు వస్తుందని నేనే లేచాను.

*

మిస్ ఒర్టీజ్ చిన్నగా, గుండ్రంగా, మా లక్ష్మీ పిన్నిలా ఉంది. చెప్పులు బయట విప్పింది. బావకి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నట్టున్నాడు, ఎత్తలేదు. నేను భయపడినట్టు లేదు. అది ఇంకా భయం వేసింది. ఫోను స్పీకరులో ఒక తెలుగావిడని పెట్టింది, నేను ఇంగ్లీషులో తడబడకుండా. ఆ ఫోనావిడది పుస్తకం తెలుగు.

"ఆ వ్యక్తి మీ కుమార్తె చేత ద్రవపదార్థమును బలవంతముగా త్రాగించుచున్నాడా అని అడుగుచున్నారు."

"అయ్యో, మజ్జిగండీ!"

ఫోనులో ఆ గొంతే మామూలు తెలుగులోకి దిగింది. "మజ్జిగా? ఓర్నాయనో. ఉండమ్మా, చెప్తాను. పెరుగు నీళ్ళు అంటే బావుండదు కదా... ఏ ఊరమ్మా మీది?"

నిధి వంటింట్లోంచి చెంబు తెచ్చింది. "Miss, చూపిస్తా! నువ్వు ఐప్యాడ్ అన్నావు కదా, so నువ్వు తాగాలి. ఆపకూడదు. You can't cheat." చెంబు ఎత్తి తాగి చూపించింది, గడ్డం మీదుగా కారుతుంటే. మిస్ ఒర్టీజ్ నవ్వింది. నిజంగా నవ్వింది. తనూ రెండు గుక్కలు తాగి, ఉప్పు బావుందంది. నా గుండె కిందికి దిగి తన చోట కూర్చుంది. అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు నోట్‌బుక్కు తీసింది. "మీ భర్త ఫోనులో చెప్పారు. ఆ పెద్దాయన గురించి కాలేజీకి రాశారటగా. జవాబు వచ్చిందా?"

బావ ఎప్పుడు చెప్పాడో! మంచికే చెప్పి ఉంటాడు. జవాబు రాకముందు చెప్పి ఉంటాడు.

కాగితం నా చున్నీ కింద, సోఫా సందులో ఉంది. రాలేదు అని చెప్పొచ్చు. ఒక్క మాట. నిధి ఆవిడ ఒళ్ళోకి ఎక్కి ఆవిడ మెడలో కార్డు చదువుతోంది. ఆవిడ చెయ్యి నిధి వీపు మీద ఉంది. ఆ చెయ్యి చూశాను. అబద్ధమని తర్వాత తెలిస్తే? ఆ చెయ్యి అలాగే ఎత్తుకుని వెళ్ళిపోతే?

తీసి ఇచ్చేశాను.

ఆవిడ చదివింది. నిధిని మెల్లగా కిందికి దించింది.

"ఈయన చనిపోయారని ఉంది."

"అవునండీ."

"అయితే పైన ఉన్నాయన ఎవరు?"

ఫోనావిడ ఆ ప్రశ్నని ఈసారి పుస్తకం తెలుగులో చెప్పలేదు. "పైనున్నాయన ఎవరమ్మా?" అంది, మెల్లగా.

"నాకు తెలియదు," అన్నాను.

మిస్ ఒర్టీజ్ పైకి వెళ్ళింది. తలుపు తడుతున్న చప్పుడు నాకు వినబడింది. మూడుసార్లు. ఆగి, ఇంకో మూడుసార్లు. కిందికి వచ్చి, లోపల లైటు ఉంది కానీ తియ్యలేదంది. లీలావతి గారి నంబరు తీసుకుంది. సోమవారం ఇంకొకరితో వచ్చి ఆయన గుర్తింపు కాగితాలు చూస్తామంది. అప్పటిదాకా నిధి ఆయనున్న చోటుకి వెళ్ళకూడదు. నేను, బావ ఆయన తలుపు దగ్గరికి వెళ్ళకూడదు, ఫోను చెయ్యకూడదు. దీని మీద ఇద్దరం సంతకం పెడితే పిల్ల మా దగ్గరే ఉంటుంది.

పెట్టాను. నా సంతకం ఎప్పుడూ అంత బాగా రాలేదు.

*

ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. నేను వంటింట్లో నిలబడి ఇది రాస్తున్నాను.

మా మీద గదిలో ఆయన రోజూ పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఆ గోడ నుంచి ఈ గోడకి నడుస్తారు. ఎడమ కాలు కాస్త ఈడుస్తారు. మా సీలింగ్ ఫ్యాన్ గిన్నె సన్నగా గలగలమంటుంది. గురువారం సాయంత్రం నడిచారు. శుక్రవారం పొద్దున నడిచారు, మామూలు కంటే ఎక్కువసేపు. శుక్రవారం సాయంత్రం నడవలేదు. ఇవాళ పొద్దున నడవలేదు. కొళాయి చప్పుడు లేదు. గోడలోంచి నీళ్ళు దిగిన చప్పుడు కూడా లేదు.

లీలావతి గారికి తొమ్మిదిసార్లు చేశాను. నిన్న ఒక్క మెసేజ్ పెట్టారు. "మా నాన్న మీకు చేసిన సాయానికి ఇదా? ఇంక నాకు ఫోన్ చేయకండి." తర్వాత ఎత్తలేదు. నాన్నగారు ఫోను ఎత్తకపోతే అలిగారనుకుంటారు. అన్ని ఇళ్ళ మారుతాళాలు ఉండే లీజింగ్ ఆఫీసు సోమవారం దాకా మూసి ఉంది.

"911కి చేద్దాం బావా," అన్నాను.

"చేస్తే ఆయన పేరు అడుగుతారు. ఏం చెప్తావు? మొన్న తెలియదన్నావు కదా. ఇవాళ ఎలా తెలిసింది అంటారు." తల పట్టుకున్నాడు. "పోనీ నేను వెళ్ళొస్తా."

"గురువారం రాత్రి నువ్వూ సంతకం పెట్టావు."

కూర్చున్నాడు. నిధి వచ్చి మా ఇద్దరి మధ్య దూరి, "తాత సౌండ్ ఎందుకు రాలే?" అంది. తన చెవులకే వినబడట్లేదేమోనని వాటిని మూసి తీసి చూసుకుంది.

ఇంకో గంట చూస్తాను. ఆ తర్వాత ఏమైనా కానీ, ఫోను చేసేస్తాను. చేసేస్తాననే అనుకుంటున్నాను. అంత ధైర్యం నాకుందో లేదో నాకు తెలియదు, నిధి మొహం చూసినప్పుడల్లా వేళ్ళు ఆగిపోతున్నాయి. అందుకే ఈ గంటలో మిమ్మల్ని అడుగుతున్నాను. మా కాంప్లెక్స్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళు ఎవరైనా సరే, మీరే కాగితం మీదా సంతకం పెట్టలేదు. బిల్డింగ్ నాలుగు, పై అంతస్తు, మెట్లెక్కగానే ఎడమ పక్క తలుపు. వెళ్ళండి. గట్టిగా కొట్టండి, పక్కవాళ్ళు తిట్టినా సరే ఆపకండి. మాస్టారూ అంటే పలకకపోవచ్చు. బ్రహ్మయ్య గారూ అని పిలవండి. ఈ పేరు ఇంతవరకు మా ఇంటి గుమ్మం దాటలేదు. పలికితే, తలుపు తియ్యకపోయినా పరవాలేదు, పలికారని ఒక్క మాట కిందికి వచ్చి నాతో చెప్పండి.